కుర్చీ మీద రుమాలు

ఆ రోజు పొద్దున శాసనసభ్యుడుగారు మొహం కూడా కడుక్కోకుండా ఒక ఘనకార్యం చేశారు. తన ఫోను ఆపేశారు. ఆగిందో లేదోనని మళ్ళీ ఓసారి నొక్కి చూసుకుని, తీసుకెళ్ళి భార్య చేతిలో పెట్టారు. ఆవిడ దాన్ని నమ్మకం లేనట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిజంగానే ఆపేశారా, సౌండు తగ్గించారా?"

"ఒట్టు. ఆపేశాను. ఇవాళంతా నీతోనే."

"ఒట్లు వద్దులెండి. జనానికి వేసినవి చాలు. ఆ సంచి పట్టుకోండి."

ఆయన్ని వెనకాల అందరూ 'అలాగే గారు' అనేవారు. రోడ్డు అడిగినా, వంతెన అడిగినా, బదిలీ అడిగినా ఆయన నోట వచ్చేది ఒకే మాట: "అలాగేనండి." ఆ మాటలో ఉన్న సుఖమేమిటంటే, విన్నవాడు ఆ పూటకి సంతోషంగా ఇంటికి వెళ్తాడు. పని జరగనప్పుడు కూడా, పాపం మంచిమనిషి, కాదనలేదు కదా అనుకుంటాడు. ఆ ఒక్క మాట పెట్టుబడిగా ఆయన నాలుగుసార్లు సభకు ఎన్నికయ్యారు. సభలో కూడా చెయ్యెత్తమన్నప్పుడు ఎత్తి, దించమన్నప్పుడు దించి, బయటికి నడవమన్నప్పుడు అందరికంటే ముందు నడిచి, ఎవరి నోటా చెడ్డ అనిపించుకోకుండా నెట్టుకొచ్చారు. మంత్రి పదవి మాత్రం ఎప్పుడూ ఆయన పక్క సీటు దాకా వచ్చి ఆగిపోయేది. ఇవ్వకపోయినా కోపం తెచ్చుకోని మనిషికి ఎవరు మాత్రం ఎందుకిస్తారు?

చిక్కేమిటంటే ఇంట్లోనూ అదే మాట. పెద్దకూతురి పెళ్ళికి ముందురోజే రమ్మంటే అలాగే అన్నారు. తీరా వచ్చేసరికి పనివాళ్ళు కుర్చీలు మడుస్తున్నారు. అత్తగారు మంచాన పడి అల్లుణ్ణి ఒకసారి చూడాలంటే అలాగే అన్నారు. చివరికి ఆయన చూసింది ఆవిడ ఫోటోని. అందుకే డాక్టరు కంటి ఆపరేషనుకు రోజు నిర్ణయించినప్పుడు, "మీరు వస్తారా?" అని భార్య అడగనే లేదు. పెద్దకూతుర్ని రమ్మని కబురు పెట్టుకుని ఊరుకుంది. అడిగి ఉంటే ఆయన అలాగే అనేసి మరిచిపోయేవారు. అడగకపోయేసరికి గుండెల్లో ముల్లు దిగినట్టయింది. ఇంట్లో తనని లెక్కలోంచి ఎప్పుడు తీసేశారో కూడా తనకు తెలియలేదే అని మొదటిసారి బాధపడ్డారు.

"అమ్మాయి సాయంత్రం దాకా రాదుగా. నేనొస్తాను," అన్నారు. "నువ్వు లోపలికి వెళ్ళేటప్పుడు ఉంటాను. బయటికొచ్చేటప్పుడు కూడా అక్కడే ఉంటాను."

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. తరువాత, "వస్తే మీరొక్కరే రండి. ఆ పీఏ, ఆ కారు, వెనకాల ఆ జాతరా వద్దు. అక్కడ మిగతావాళ్ళు జబ్బులతో వస్తారు," అంది.

దానికీ అలాగే అన్నారు. కాకపోతే ఈసారి మాట నిలబెట్టుకోవాలని ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేశారు. డ్రైవరుకు సెలవిచ్చారు. పీఏని పిలిచి, "ఇవాళ నేనెక్కడున్నానో ఎవరడిగినా చెప్పకు," అన్నారు. భార్య బట్టలూ దుప్పటీ ఫ్లాస్కూ ఉన్న సంచి భుజాన వేసుకుని, అద్దె కారు పిలిపించుకుని, వీధి చివరి మలుపు తిరిగారు. చాలా ఏళ్ళ తర్వాత ఆవిడ పక్కన కూర్చుని వెళ్ళడం ఆయనకు హాయిగా ఉంది. కొత్తగానూ ఉంది.

ఆ హాయిలో ఆయన ఒక్క సంగతి మరిచిపోయారు. వాళ్ళ పార్టీ ప్రభుత్వం ముక్కుతూ మూలుగుతూ ఒకరిద్దరి బలంతో నిలబడి ఉంది. వారం తిరక్కుండా సభలో విశ్వాస పరీక్ష. అలాంటి వారంలో శాసనసభ్యుడి ఫోను ఆగిపోయిందంటే, ఆ వృత్తిలో దానికి ఒకటే అర్థం. మామూలు మనుషుల ఫోను ఆగితే ఛార్జింగు అయిపోయిందనుకుంటారు. శాసనసభ్యుడి ఫోను ఆగితే పార్టీ మారాడనుకుంటారు.

ముందు పార్టీ ఆఫీసులో కార్యదర్శి ఫోను చేశాడు, ఏదో చిన్న పని మీద. మోగలేదు. పీఏకి చేశాడు.

"సారెక్కడ?"

"చెప్పకూడదన్నారండి."

"ఎవరికి?"

"ఎవరికీ."

"నాక్కూడానా?"

పీఏ నిజాయితీపరుడు. కాసేపు ఆలోచించి, "మీ పేరు ప్రత్యేకంగా అనలేదండి. ఎవరికీ అంటే మీరూ ఉంటారు కదా," అన్నాడు.

కార్యదర్శికి ముచ్చెమటలు పోశాయి. ఆయన వెళ్ళి అధ్యక్షుడి చెవిన వేశాడు. అధ్యక్షుడి గది తలుపు దగ్గర నిలబడ్డవాడెవడో టీవీ వాళ్ళ చెవిన వేశాడు. విలేకరి ఒకడు పరుగున వెళ్ళి, ఇంటి దగ్గర తీరిగ్గా సైకిలు తుడుచుకుంటున్న డ్రైవరును పట్టుకున్నాడు. డ్రైవరు కూడా అబద్ధమాడలేదు. సారు తన కారు వద్దన్నారనీ, అద్దె కారులో వెళ్ళారనీ, చేతిలో బట్టల సంచీ దుప్పటీ ఉన్నాయనీ, మొహం ఎప్పుడూ లేనంత సంతోషంగా ఉందనీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇన్ని నిజాలు ఒకేచోట చేరితే ఇక అబద్ధంతో పనేముంది?

కంటి ఆసుపత్రి వరండాలో బల్లలు లేవు. గోడ వారగా వరసగా కుర్చీలు వేసి ఉన్నాయి. ఎదురుగా గోడకు టీవీ. అలాగే గారు భార్య పక్క కుర్చీలో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. నర్సు వచ్చి ఆవిడ కంట్లో చుక్కలు వేసి వెళ్ళింది. ఆవిడ కళ్ళు మూసుకుని, "భయంగా ఉందండీ," అంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ ఆ మాట అనగా ఆయన వినలేదు. అసలు అనలేదో, అన్నప్పుడు తను లేరో ఆయనకే తెలియదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నారు.

సరిగ్గా అప్పుడే టీవీలో ఆయన ఫోటో వచ్చింది. చుట్టూ ఎర్రటి గీత. కింద 'ఎమ్మెల్యే అదృశ్యం' అని పెద్ద అక్షరాలు. 'అర్ధంతరంగా అద్దె కారులో... బట్టలతో సహా...' అని వార్తలు చదివే అమ్మాయి ఊపిరాడకుండా చెబుతోంది. వరండాలో కంటికి కట్టుతో కూర్చున్న రోగులంతా తమకున్న ఒక్కో కన్నుతో టీవీనీ, ఆయన్నీ మార్చి మార్చి చూశారు. ఆయన సంచి మొహం దాకా ఎత్తుకున్నారు. దాంతో మిగిలిన అనుమానం కూడా తీరిపోయింది.

"ఏమిటండీ ఆ గోల?" అంది భార్య కళ్ళు మూసుకునే.

"ఏం లేదు. వాతావరణ వార్తలు."

అవతలి పార్టీ నాయకుడి ముందు మైకు పెట్టారు. ఆయన అలాగే గారిని జన్మలో పలకరించిన పాపాన పోలేదు. అయినా తేరగా వచ్చిన ఖ్యాతిని ఎవరు కాలదన్నుకుంటారు? గూఢంగా నవ్వి, "మంచివాళ్ళకు మా తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంటాయి," అన్నాడు. తరువాత తెర మీద అలాగే గారి సొంత ఊళ్ళో ఆయన ఆఫీసు కనబడింది. డాబా మీద ఆయన బావమరిది నిలబడి పార్టీ జెండా దింపుతున్నాడు.

"బావగారు నాతో ఒక్క ముక్క కూడా చెప్పలేదు," అని గర్వంగా చెబుతున్నాడు బావమరిది. "చెప్పకపోయినా ఆయన మనసు నాకు తెలుసు. మేమంతా ఆయన వెంటే!"

అప్పుడే నర్సు వచ్చి ఆవిణ్ణి లేవదీసింది. ఆవిడ తన చేతిసంచి ఆయన చేతికిచ్చింది.

"ఇక్కడే ఉంటారుగా?" అంది.

"ఇక్కడే ఉంటాను," అన్నారాయన. అలాగే అనకుండా ఇక్కడే ఉంటానన్నందుకు తనమీద తనకే గౌరవం కలిగింది.

తలుపు మూసుకుంది. చేతిసంచిలో ఫోను ఉంది. ఆయన కొంతసేపు దాని వంక చూడకుండా గోడ మీద కన్ను బొమ్మను చూశారు. టీవీలో ఎవరో ఆయన పోస్టర్లు చింపుతున్నారు. మరెవరో కొత్తవి అంటిస్తున్నారు. ఇరవై ఏళ్ళు చెమటోడ్చి కట్టుకున్న పేరు పూటలో కూలిపోయేలా ఉంది. ఒక్క మాట చెబితే పోయేదానికి ఇంత రభసా అనుకుని ఫోను తీసి, అధ్యక్షుడికి చేశారు.

"అయ్యా, నేను మన ఆఫీసు పక్క వీధి ఆసుపత్రిలో ఉన్నానండీ. మా ఆవిడకి కంటి ఆపరేషను."

అవతల అధ్యక్షుడు పెద్దగా నిట్టూర్చాడు. "నువ్వు కూడానా? పోయిన ఏడాది మనల్ని వదిలిపోయినవాళ్ళలో ఒకడికి మామగారి గుండెనొప్పి. ఒకడికి తమ్ముడి కడుపునొప్పి. ఇంకొకడికి సొంత నడుమే. మర్నాడు చూస్తే అందరూ అవతలి పార్టీ బస్సులోంచి చేతులూపుతున్నారు. కొత్తదేమైనా చెప్పవయ్యా."

"నిజంగానేనండీ! కావాలంటే నర్సుకిస్తాను."

"నర్సులు నాక్కూడా దొరుకుతారు. నిజమైతే వచ్చి కనబడు. పక్క వీధేగా. ఓ మాట చెప్పి వెళ్ళిపో."

"ఇప్పుడా అండీ? ఆవిడ లోపల..."

"చూశావా! రాలేనంటున్నావు!"

ఆ 'రాలేను' అనే మాట తన నోట రాలేదని చెప్పబోయారు. నోరు పెగిలేసరికి వచ్చింది మాత్రం అలవాటైన మాటే. ఫోను పెట్టేశాక తలుపు వంక చూశారు. గంట పడుతుందంది నర్సు. పక్క వీధి. మనిషి కనబడి, ఒక దండం పెట్టి, పరుగున వచ్చేస్తే ఆవిడకు తెలియను కూడా తెలియదు. అయినా మనసు ఊరుకోలేదు. జేబులోంచి రుమాలు తీసి, బస్సులో సీటు ఆపుకున్నట్టు కుర్చీ మీద వేశారు. పక్క కుర్చీలోని ఒంటికన్ను ముసలాయనతో, "కాస్త చూస్తూ ఉండండి, ఇప్పుడే వచ్చేస్తా," అన్నారు.

"నాకు ఆ పక్క కనబడదు నాయనా," అన్నాడు ముసలాయన. అప్పటికే ఆయన మెట్లు దిగుతున్నారు.

పార్టీ ఆఫీసు గేటు దగ్గర ఆయన్ని కౌగిలించుకున్నారు. కౌగిలి బాగానే ఉంది కానీ వదల్లేదు. అలాగే లోపలికి నడిపించుకుపోయి, తోటి సభ్యులు కూర్చున్న హాల్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, ఫోను తీసేసుకున్నారు. ఓటింగు అయ్యేదాకా అందరూ కలిసికట్టుగా ఉండాలని పైవాళ్ళ ఆజ్ఞ.

"నేను వెళ్ళాలండీ. మా ఆవిడ ఆపరేషను బల్ల మీద ఉంది," అని ఆయన ఒక్కొక్కరినీ బతిమాలారు.

"పాపం," అన్నాడు పక్క సభ్యుడు. "మా అత్తగారు కూడా పొద్దుట్నించి బల్ల మీదే ఉంది. ఆవిడ బతికుంటే ఇంకా బాగుండేది."

అందరూ నవ్వారు. అలాగే గారికి ఏడుపొచ్చింది. జీవితంలో మొదటిసారి నిజమైన కారణం దొరికిందాయనకు. ఎవ్వరూ నమ్మలేదు. ఇన్నాళ్ళూ లేని కారణాలు చెప్పి ఇంట్లోవాళ్ళని నమ్మించినందుకు ఇది ఫలితం కాబోలనుకుని, వేసిన తలుపు వంకే చూస్తూ కూర్చున్నారు. ఎంతసేపైందో అడిగితే ఎవరూ చెప్పలేదు.

ఈలోగా విలేకరులు అద్దె కారువాణ్ణి పట్టుకున్నారు. అతను ఆసుపత్రి పేరు చెప్పాడు. మైకులు, కెమెరాలు వరండాలోకి దూసుకొచ్చాయి. సరిగ్గా అప్పుడే తలుపు తీసి, నర్సు చెయ్యి పట్టుకుని, ఒక కంటికి తెల్లటి కట్టుతో ఆవిడ బయటికి అడుగుపెట్టింది. పార్టీ ఆఫీసు హాల్లో శాసనసభ్యులంతా చప్పున అక్కడి టీవీ వైపు తిరిగారు. అలాగే గారు లేచి నిలబడ్డారు.

"అమ్మా, మీవారు పార్టీ మారుతున్నారా?" అని అరిచాడు ఒక విలేకరి.

ఆవిడ అతని వంక చూడలేదు. ఒక కంటితోనే వరసగా కుర్చీలు చూసుకుంటూ వచ్చి, ఒక కుర్చీ దగ్గర ఆగింది. రుమాలు చూసింది.

"మా ఆయనా? పార్టీ మారడమా?" అంది. గొంతులో కోపం లేదు. "నువ్వు చిన్నవాడివి బాబూ, నీకు తెలీదు. మా అమ్మాయి పెళ్ళికి ఆయనొచ్చేసరికి కుర్చీలు మడిచేస్తున్నారు. ఆ రోజు పార్టీ మీటింగు. మా అమ్మ పోయేముందు అల్లుడొస్తాడని తలుపు వంకే చూసింది. ఆ వారం పార్టీ యాత్ర. నా రెండో కాన్పప్పుడు ఆయన పార్టీ అధ్యక్షులవారి పుట్టినరోజుకి స్టేజీ కట్టిస్తున్నారు. ఇవాళ పొద్దున్నే ఫోను ఆపేసి నా చేతిలో పెట్టారు. బయటికొచ్చేదాకా ఇక్కడే ఉంటానన్నారు. ఇదిగో చూడు. రుమాలుంది, మనిషి లేడు. ఎక్కడికెళ్ళుంటారు? పార్టీ ఆఫీసుకే. కట్టుకున్నదాన్ని కత్తి కింద వదిలేసి వెళ్ళిన మనిషి ఆ పార్టీని వదిలేస్తారా? రాసుకో, వదలరు."

హాలంతా ఒక్కసారి చప్పట్లతో మోగిపోయింది. అధ్యక్షుడు పరుగున వచ్చి అలాగే గారి భుజాలు పట్టుకుని ఊపేశాడు. అత్తగారి మీద హాస్యమాడిన సభ్యుడు కళ్ళు తుడుచుకుంటూ, "ఇలాంటి సర్టిఫికెట్ మాకెవరిస్తారయ్యా? మా ఆవిడని అడిగితే నన్ను జైల్లో వేయిస్తుంది," అన్నాడు. ఊళ్ళో బావమరిది మళ్ళీ డాబా ఎక్కి, బావగారి మనసు తనకు మొదట్నించీ తెలుసంటూ జెండా ఎగరేశాడు. ఆ చప్పట్లలో, ఆ మాటలన్నీ నిజమేనని తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయనకు తల ఎత్తబుద్ధి కాలేదు. నలుగురిలో తిట్టి ఉంటే భరించేవారు. ఆవిడ తిట్టలేదు. జరిగినవి వరసగా చెప్పింది, అంతే. అవే ఆయన యోగ్యతలయ్యాయి.

"కుటుంబ సంక్షేమ శాఖ చాలా రోజుల్నుంచి ఖాళీగా ఉంది," అన్నాడు అధ్యక్షుడు గంభీరంగా. "నీకంటే తగినవాడు ఎవడున్నాడు? రేపు ఉదయమే ప్రమాణ స్వీకారం."

ఇక ఈయనకు కాపలా అక్కర్లేదని వదిలిపెట్టాక, ఆయన ఆసుపత్రికి చేరేసరికి దీపాలు పెట్టారు. ఆవిణ్ణి ఒక గదిలో పడుకోబెట్టారు. పెద్దకూతురు వచ్చి పక్కన కూర్చుని ఉంది. తండ్రిని చూసి, మంచినీళ్ళు తెస్తానని లేచి వెళ్ళింది.

"నొప్పిగా ఉందా?" అన్నారాయన మంచం పక్కన నిలబడి.

"లేదు. తెలియలేదు కూడా. ఊరికే భయపడ్డాను."

"నేను... ఒక్క పది నిమిషాలనే వెళ్ళాను."

"తెలుసు. ఎప్పుడూ పది నిమిషాలకే వెళ్తారు." ఆవిడ నవ్వింది. "మంత్రి పదవిచ్చారటగా. నర్సు చెప్పింది."

"నాకొద్దు. కట్టు విప్పేది రేపు పొద్దున్నేనటగా. రేపు నేనిక్కడే ఉంటాను. వద్దని చెప్పేస్తాను."

"చెప్పలేరు," అందావిడ, బిడ్డను ఓదార్చినట్టు. "చెప్పలేరని నాకు తెలుసు. మీరు చెడ్డవాళ్ళు కారు. ఎవరడిగినా కాదనలేరు. నేను అడగడం మానేశాను గనక నేనొక్కదాన్నే వెనకబడిపోయాను. వెళ్ళండి. ఇక్కడ కూర్చుని తలుపు వంక చూసే మనిషి కంటే ఆ రుమాలే నయం. అది కదల్లేదు, పాపం."

ఆయన బయటి వరండాలోకి వచ్చి గోడకు చేరగిలబడ్డారు. కళ్ళు తుడుచుకుని, తిరిగిచ్చిన ఫోను తీశారు. చెప్పవలసింది రెండు మాటలు. రేపు రాలేనండీ. నోట్లో పలికి చూసుకున్నారు. బాగానే పలికింది. ఇంకోసారి పలికి, ధైర్యం వచ్చాక అధ్యక్షుడికి చేశారు.

"ఆఁ, నేనే చేద్దామనుకుంటున్నాను," అన్నాడు అధ్యక్షుడు. "రేపు కొంచెం ముందే వచ్చెయ్. ఫోటోలుంటాయి. తెల్లబట్టలు వేసుకో. వస్తావుగా?"

గదిలోంచి ఆవిడ దగ్గు వినిపించింది.

"అలాగేనండి," అన్నారు అలాగే గారు.

మర్నాడు ఉదయం వందలమంది ముందు, అంతఃకరణ శుద్ధితో పని చేస్తానని ఆయన ప్రమాణం చేశారు. చదువుతూ మధ్యలో ఒకచోట ఆగిపోయారు. ఉద్వేగమనుకుని జనం చప్పట్లు కొట్టారు. అదే సమయానికి ఆసుపత్రిలో డాక్టరు ఆవిడ కట్టు విప్పి, కన్ను తుడిచి, చూపు ఎలా వచ్చిందో పరీక్షించడానికి వేరే బోర్డు వెతకడమెందుకని ఎదురుగా ఉన్న టీవీ చూపించి, "అక్కడ మాట్లాడుతున్నదెవరో పోల్చుకోగలరా అమ్మా?" అని సరదాగా అడిగాడట. ఆ సంగతి తరువాత కూతురు ఫోనులో చెప్పింది. అమ్మ ఏమందని ఆయన ఒకటికి రెండుసార్లు అడిగితే గానీ చెప్పలేదు.

ఆవిడ కాసేపు శ్రద్ధగా చూసి, "ఎక్కడో చూసినట్టే ఉందండీ," అందట.